చీమకి మట్టి పనిముట్టు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అక్కడే అయిపోతుంది, నేరుగా విషయంలోకి వస్తాను. చీమల్ని పెంచే గూట్లో ఏ మట్టి వేయాలో చెప్పమన్నారు. చెప్తాను, కానీ ముందు ఒక మాట చెప్పకపోతే నాకు మనసొప్పదు.

పిల్లల పుట్టినరోజులకి నీలంరంగు జెల్ నింపిన ప్లాస్టిక్ డబ్బాలు ఇస్తున్నారు. చీమలు అందులోనే తవ్వుకుంటాయి, దాన్నే తింటాయి, మీరేం చూసుకోనక్కర్లేదు అంటారు. దయచేసి కొనకండి. చాలావాటిలో రాణే ఉండదు, చీమలు ఒక్కొక్కటే చచ్చిపోతుంటే పిల్లాడు చూస్తూ కూర్చోవాలి. ఇంగ్లండులో చీమల మీద పరిశోధన చేసిన జాన్ లబ్బాక్ 19వ శతాబ్దంలోనే రెండు గాజు పలకల మధ్య మామూలు మట్టి వేసి చీమల్ని పెంచాడు, ఆయన దగ్గర ఒక రాణి దాదాపు 15 ఏళ్లు బతికింది.

మట్టి చీమకి అలంకారం కాదండీ, పనిముట్టు. మన గండుచీమనే చూడండి. బియ్యపుగింజలా ఉండే దాని పిల్ల పట్టుగూడు అల్లుకోవాలంటే దారం తగిలించడానికి ఏదో ఒక ఆధారం కావాలి. అందుకని పనిచీమలు దాన్ని మట్టి రేణువులతో కప్పేస్తాయి. అల్లిక అయ్యాక బయటికి తీసి, అంటుకున్న ఇసుకని రేణువు రేణువూ నోటితో పీకి శుభ్రం చేస్తాయి. భూతద్దం పెట్టి ఒక్కసారి చూస్తే ఇక జెల్ డబ్బా జోలికి పోరు.

సరే, మట్టి. మన గుంటూరు నల్లరేగడి వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది, ఎండాకాలం పొలాల్లో చూసేదే కదా, గాజు మధ్య అదే జరిగితే గదులు కూలి చీమపిల్లలు నలిగిపోతాయి. ఉత్త ఇసుక ఆరగానే రాలిపోతుంది. సముద్రపు ఇసుకలో ఉప్పు. కోకోపీట్ అనే కొబ్బరిపీచు పొడి, వర్మీకంపోస్టు అయితే బూజు, సన్న పురుగులు. జల్లించిన ఏటి ఇసుక మూడు వంతులు, బంక ఉన్న ఎర్రమట్టి ఒక వంతు కలపండి. తడిపి పిడికిట్లో నొక్కి, పుల్లతో బెజ్జం చేసి ఆరబెట్టండి. ఆరాక కూడా బెజ్జం నిలిస్తే ఆ మట్టి పనికొస్తుంది. గూట్లో ఒక పక్కే తడపండి, ఏ పిల్లకి ఎంత తడి కావాలో అవే చూసుకుని మోసుకెళ్తాయి.

మట్టి ఎక్కడ తెచ్చారన్నది ఇంకా ముఖ్యం. ఏమీ కలపలేదని చెప్పి ఒక నర్సరీవాళ్లు అమ్మిన మట్టిని, నా దగ్గరికొచ్చే తొమ్మిదో క్లాసు అమ్మాయి గూట్లో పోసింది. తెల్లారేసరికి చీమలు వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. వెళ్లి గట్టిగా అడిగితే, వేరుపురుగుకి గుళికలు వేశామండీ, చీమలకేమవుతుంది అన్నారు. పురుగుని చంపే మందు చీమని చంపదా? తొలకరి వాన పడ్డ సాయంత్రం ఆ రాణిని పట్టుకుని నెలల తరబడి సాకింది ఆ పిల్ల. నాకిప్పటికీ కోపం తగ్గలేదు. ఇక్కడ నర్సరీలు నడిపేవాళ్లు ఎవరైనా ఉంటే చేతులెత్తి అడుగుతున్నా, మందు వేస్తే బస్తా మీద రాయండి. ఆ మట్టిలో చేతులు పెట్టేది పిల్లలు. పెనం మీద వేయిస్తే పోతుందిలే అనుకోకండి, వేపితే బూజు, పురుగు చస్తాయి గానీ మందు పోయిందని నమ్మడానికి లేదు.

పుట్టమన్ను వాడొచ్చా అని టీచరుగారు చీటీ పంపారు. వాడొచ్చమ్మా, బాగా అతుక్కుంటుంది, కొంచెం ఇసుక కలపండి. కానీ చెదలు వదిలేసి కూలిపోయిన పుట్టదే తెచ్చుకోండి, నాగులచవితికి పాలు పోసే పుట్టల్ని ముట్టుకోవద్దు.

టైమ్ అయిందని సైగ చేస్తున్నారు, ఇదొక్కటి చెప్పి దిగిపోతా. కొత్తగా పట్టిన రాణిని వెంటనే మట్టిలో వేయకండి. టెస్ట్ ట్యూబు అడుగున నీళ్లు, వాటికి అడ్డంగా దూది, చీమపిల్లలు పెరిగాక చిటికెడు ఇసుక, అంతే. పనిచీమలు పాతికో ముప్ఫయ్యో అయ్యాక గూట్లోకి మార్చండి. మూడు రకాల మట్టి తడిపి ఆ బల్ల మీద పెట్టాను, వచ్చి పిడికిట్లో నొక్కి చూడండి.