తల ఎత్తకు అని చెప్పే పూల్ ప్లేయర్ తన షాట్‌లో ఎందుకు ఎత్తుతాడు?

(తెర మీద టేబుల్ మాత్రమే. వైట్ బాల్, దానికి కాస్త దూరంలో బ్లాక్. క్యూ ముందుకొస్తుండగా వీడియో ఆపాలి.)

"తల ఎత్తకురా!"

వైజాగ్‌లో ద్వారకానగర్ వెళ్లండి, ఎంవీపీ కాలనీ వెళ్లండి, గాజువాక వెళ్లండి, సాయంత్రం పూట ఏ పూల్ పార్లర్‌లో అడుగుపెట్టినా ఈ మాట చెవిన పడుతుంది. పూల్ అంటే క్యూ అనే కర్రతో వైట్ బాల్‌ని కొట్టి, దానితో మిగతా బంతుల్ని టేబుల్ అంచుల్లోని పాకెట్లలో వేసే ఆట. చెప్పేది ఎక్కువగా కుర్చీలో కూర్చుని తన వంతు కోసం చూస్తున్నవాడే. మాట నూటికి నూరుపాళ్లు నిజం. కాసేపటికి అతనే లేచి, చాక్ రాసుకుని, వంగి కొడతాడు చూడండి, బంతి ఇంకా పాకెట్ దాకా పోనే లేదు, ఇతని తల, భుజం, సగం ఒళ్లు పైకి లేచిపోతాయి. మిస్. పక్కనుంచి ఎవరో "చెప్పేవన్నీ శ్రీరంగ నీతులే" అంటారు, అందరూ నవ్వుతారు, ఆట నడిచిపోతుంది.

నేను ఆ నవ్వు దగ్గర ఆగి మాట్లాడదామనుకుంటున్నాను. ఎందుకంటే అతను ఎవరినీ మోసం చేయలేదు. ఆ మాట నమ్మే చెప్పాడు. నమ్మినవాడే ఎందుకు పాటించలేకపోయాడన్నది ఈ వీడియో.

ముందు ఆ సలహాలో ఎంత విషయం ఉందో చూద్దాం. క్యూ కొస, అంటే టిప్, వైట్‌ని తాకి ఉండేది సెకనులో దాదాపు వెయ్యో వంతు. అది అయిపోయాక మీరు తల ఎత్తినా, గంతేసినా బంతికి సంబంధం లేదు. మరి తల ఎత్తితే నష్టమేంటి? నష్టం ఎక్కడంటే, లేవాలన్న తొందర టిప్ తగలకముందే మొదలవుతుంది, భుజం కదులుతుంది, క్యూ అనుకున్న గీత తప్పుతుంది. ఎంత తప్పుతుంది, మహా అయితే ఒక డిగ్రీ అనుకుందాం.

(ఇక్కడ గ్రాఫిక్: రెండు బంతులు, వాటి మధ్య 1.5 మీటర్ల గీత.)

ఒకటిన్నర మీటరు దూరం పోయేసరికి ఆ ఒక్క డిగ్రీ 26 మిల్లీమీటర్లు అవుతుంది. పూల్ బంతి వ్యాసం 57 మిల్లీమీటర్లు, అంటే వైట్ దాదాపు సగం బంతి పక్కకి వెళ్లి తగులుతుంది. తిన్నగా పోవాల్సిన రెండో బంతి అప్పుడు 27 డిగ్రీలు వంకర పోతుంది. మీ చేతిలో ఒకటి, అక్కడ ఇరవై ఏడు! కార్నర్ పాకెట్ నోరు చూస్తే రెండు బంతులంత వెడల్పే. అందుకే "తల ఎత్తకు" అన్నది ఊరికే పెద్దరికం కోసం అనే మాట కాదు.

ఇంత తెలిసినా ఎందుకు ఎత్తుతాడంటే, కుర్చీలో ఉన్నవాడికి ఎదుటివాడి ఒళ్లంతా కనిపిస్తుంది, అందులో అన్నిటికంటే ముందు కనిపించేది తలే. వంగిన మనిషికి తన తల తనకి కనపడదు, కళ్లు బంతి మీద ఉంటాయి, బంతి పడిందో లేదో చూడాలన్న ఆత్రం ఉంటుంది, పైగా ఓడితే టేబుల్ డబ్బులు తనే కట్టాలి. కుర్చీలో ఉన్నవాడికి ఆ క్షణంలో ఈ టెన్షన్ ఏదీ లేదు. "నేను కదల్లేదు" అని ఒట్టేసి చెప్పేవాళ్లు నిజంగానే కదల్లేదనుకుంటారు. వాళ్ల మీద నాకు కోపం రాదు.

అలెగ్జాండర్ హిగ్గిన్స్, అదే అందరూ అలెక్స్ హిగ్గిన్స్ అంటారు, ఆయన షాట్‌లో ఒళ్లు ఊపేసేవాడు, అయినా 1972లో, 1982లో స్నూకర్‌లో, అంటే పూల్ లాంటిదే ఇంకో క్యూ ఆటలో, ప్రపంచ చాంపియన్ అయ్యాడు కదా అని వాదించేవాళ్లున్నారు. అయ్యాడు, కాదనను. కానీ ఒళ్లు ఎటు ఊగినా ఆయన టిప్ వైట్‌ని అనుకున్న చోటే తాకేది, లేకపోతే ఆ టైటిల్స్ రావు. మనం ఆ ఊపుడు తెచ్చుకుని ఆ తాకుడు వదిలేస్తున్నాం.

ఇప్పుడు రెండో రకం సలహా, నా దృష్టిలో అసలు గొడవంతా ఇక్కడే ఉంది. "పాట్ లేకపోతే సేఫ్ ఆడు." అంటే బంతిని పాకెట్‌లో వేసే దారి లేకపోతే, ఎదుటివాడికి కూడా దారి లేకుండా వైట్‌ని పెట్టు అని. ఎయిట్ బాల్ అనే పూల్ ఆటలో ఎవరి ఏడు బంతులు వాళ్లు వేశాక ఆఖరున బ్లాక్ వేయాలి. మీ ఏడు బంతుల్లో ఆరు వేసేశారు, మిగిలిన ఒక్కటి కుషన్‌కి, అంటే టేబుల్ అంచుకి, అతుక్కుని ఉంది, ఎదుటివాడివి ఇంకా ఐదు టేబుల్ మీద ఉన్నాయి. చూసేవాడికెవడికైనా తెలుస్తుంది, వైట్‌ని మెల్లగా తీసుకెళ్లి ఎదుటివాడికి షాట్ లేకుండా పెట్టాలని. కొట్టేవాడు మాత్రం బలమంతా పెట్టి, బంతిని కుషన్‌కి తగిలించి తిప్పి పాకెట్‌లో వేసే బ్యాంక్ షాట్ కొడతాడు. అది పడదు, వైట్ టేబుల్ మధ్యలో ఆగుతుంది, మీ ఆరు బంతులూ అడ్డు లేవు కాబట్టి ఎదుటివాడికి దారి మొత్తం ఖాళీ, ఐదూ వేసి బ్లాక్ కూడా వేసేస్తాడు.

ఇది తల సంగతి లాంటిది కాదు. ఇక్కడ కనపడకపోవడమేమీ లేదు, టేబుల్ ఇద్దరికీ ఒకేలా కనిపిస్తుంది. 2014లో ఈగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధన ఒకటుంది. సంబంధాల్లో వచ్చే చిక్కుల గురించి అడిగితే, జనం స్నేహితుడి సమస్య అయినప్పుడు ఆలోచించినంత తెలివిగా తమ సమస్య అయినప్పుడు ఆలోచించలేదు. అందరికీ బుద్ధి చెప్పి తన ఇంటి విషయంలో తప్పిన సొలొమోను రాజు పేరు దానికి పెట్టారు. వాళ్లు పూల్ మీద పరీక్ష చేయలేదు, అది గుర్తుంచుకోండి. కానీ మన పార్లర్‌లో సేఫ్ షాట్‌కి చప్పట్లు కొట్టేవాడు ఉండడు, పైగా "భయపడ్డాడు" అంటారు, ఎప్పుడో ఒకసారి పడిన బ్యాంక్ షాట్ మాత్రం ఏళ్ల తరబడి గుర్తుంటుంది. తన షాట్ వచ్చేసరికి ఆ పరువు కూడా టేబుల్ మీదకి వచ్చేస్తుంది. స్నేహితుడి షాట్‌లో అది లేదు.

పద్ధతిగా ఆడటానికి మారుపేరైన స్టీవ్ డేవిస్‌కి కూడా ఇలాంటి రాత్రి వచ్చింది. 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్, ఇద్దరూ చెరో 17 ఫ్రేములు, అంటే చెరో 17 ఆటలు గెలిచారు, ఆఖరి ఫ్రేమ్, ఆఖరి బ్లాక్. అర్ధరాత్రి దాటింది. సన్నగా కట్ చేయాల్సిన షాట్, మరీ సన్నగా తగిలి మిస్ అయింది, డెన్నిస్ టేలర్ వేసి గెలిచాడు. డేవిస్‌కి తెలియనిదేమీ కాదు. ఆయన మొత్తం ఆరు ప్రపంచ టైటిల్స్ గెలిచిన మనిషి.

(వంతెనలా పెట్టిన ఎడమ చేతిని దగ్గరగా చూపించాలి. బొటనవేలు పక్క తడి కనిపించాలి.)

మూడోది మన ఊరికి బాగా తెలిసిన విషయం, పౌడర్. మే నెలలో సముద్రపు ఉక్కకి ఏసీ ఉన్నా చెయ్యి చెమ్మగానే ఉంటుంది, క్యూ వేళ్ల మధ్య పట్టేస్తుంది, షాట్ జర్క్ అవుతుంది. వెంటనే పౌడర్ డబ్బా. అది వేళ్ల మీద ఉన్నదానికంటే టేబుల్ గుడ్డ మీద రాలిపడేదే ఎక్కువ, ఆకుపచ్చ మీద తెల్ల మచ్చలు, చెమ్మ తగిలితే అక్కడే పట్టేస్తుంది. "పౌడర్ కొట్టకు, చెయ్యి కడుక్కుని తుడుచుకో" అని పక్కవాడిని కసిరినవాళ్లే తమ వంతులో డబ్బా అందుకుంటారు. సుఖం ఇప్పుడే, తన ఒక్కడికే. పాడయ్యే గుడ్డ అందరిదీ.

మరి ఏం చేయాలి? నాకు బాగా నమ్మకమున్నది ఒకటి చెప్తాను, నిర్ణయం నిలబడే తీసుకోండి. వంగాక ఆలోచన మారిందంటే కొట్టకండి, లేచి మళ్లీ మొదలుపెట్టండి. నిలబడి ఉన్నప్పుడు "తమ్ముడు ఈ షాట్ అడిగితే ఏం చెప్తాను?" అని అనుకోండి. ఈథన్ క్రాస్ వాళ్లే ఇంకో పరిశోధనలో, ఒత్తిడిలో ఉన్నప్పుడు తనతో తను "నేను" అనకుండా పేరు పెట్టి మాట్లాడుకుంటే ఆందోళన తగ్గుతుందని చూపించారు.

తల విషయానికొస్తే, "ఎత్తకు" అని చెప్పడం కంటే "బంతి ఆగేదాకా టిప్‌ని గుడ్డ మీదే ఉంచు" అని చెప్పండి. వంగిన మనిషికి తన తల కనపడదు గానీ, టిప్ కళ్లముందే ఉంటుంది. దాన్ని కనిపెట్టుకుని ఉండగలడు.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఫోన్‌ని ఎదురు కుషన్ దగ్గర నిలబెట్టి స్లో మోషన్‌లో తీయించుకోండి. సెకనుకి 240 ఫ్రేముల మోడ్ చాలా ఫోన్లలో ఉంది, ఒక్కో ఫ్రేమ్‌కి నాలుగు మిల్లీసెకన్లు పడుతుంది. బంతి పడిందా లేదా తర్వాత చూద్దురుగాని, టిప్ వైట్‌ని తాకిన ఫ్రేమ్ దగ్గర ఆపండి. దానికి పది ఫ్రేములు వెనక్కి వెళ్లండి. రెండు చోట్లా మీ గడ్డం క్యూకి ఎంత ఎత్తులో ఉందో చూడండి.