సీసం లేని సీసపు పేరు

అందరికీ నమస్కారం.

రెండేళ్ళ కిందట కడియం నుంచి ఒక పూలమొక్క తెచ్చుకున్నాను. గుత్తులు గుత్తులుగా లేత నీలం పూలు. కవరుకు కట్టిన చీటీ మీద 'ప్లంబాగో' అని రాసి ఉంది. నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ మాట చూడగానే నాకు పువ్వు తట్టలేదు, లోహాలు కరిగించే మూస తట్టింది. పెన్సిల్‌లో ఉండే నల్లటి గ్రాఫైట్‌కు పాత పుస్తకాల్లో పేరు ప్లంబాగోనే. గ్రాఫైట్ కలిపి చేసిన మూసల్ని ప్లంబాగో మూసలనేవారు. నల్లటి రాయికీ నీలం పువ్వుకూ ఏమిటీ చుట్టరికం?

లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు. సీసానికి పీబీ అనే సంకేతం అందులోంచే వచ్చింది. మన ఇంటి కుళాయి బాగుచేసే ప్లంబర్ కూడా అందులోంచే వచ్చాడు, పూర్వం గొట్టాలు సీసంతో చేసేవారు కాబట్టి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు చనిపోయిన రోమన్ పండితుడు ప్లినీ, ప్లంబాగో అనే మాటను సీసపు ఖనిజానికీ వాడాడు, ఒక మొక్కకూ వాడాడు. ఆ మొక్క కంటికి వచ్చే 'సీసం' అనే జబ్బును పోగొడుతుందట! ఆయన చూసింది మన కుండీలో మొక్కేనా అన్నది వేరే చర్చ. తర్వాతివాళ్ళు ఇంకో కారణం చెప్పారు. ఈ జాతి మొక్కల రసం ఒంటికి తగిలితే సీసం రంగు మరక పడుతుందని. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరునే ఈ ప్రజాతికి ఖాయం చేశాడు.

ఇక రాయి కథ. పదహారో శతాబ్దంలో ఇంగ్లండులోని బారోడేల్ కొండల్లో మంచి గ్రాఫైట్ దొరికింది. అక్కడి కాపరులు దాంతో గొర్రెలకు గుర్తులు పెట్టుకునేవారు. కాగితం మీద గీస్తే సీసంతో గీసినట్టే ఉంది, అంతకంటే నల్లగా ఉంది. ఇంకేం, ఇదీ ఒక రకం సీసమే అనుకున్నారు, 'నల్ల సీసం' అన్నారు. పెన్సిల్‌లోని పుల్లను ఇంగ్లీషులో ఇప్పటికీ లెడ్ అంటున్నాం కదా, అదే ఇది. పెన్సిల్ నోట్లో పెట్టుకున్న పిల్లవాడికి సీసం విషం ఎక్కుతుందని టెన్షన్ పడే తల్లులను నేను చూశాను. అందులో ఉన్నది గ్రాఫైట్, బంకమట్టి. విషమంతా పేరులోనే.

1779లో స్వీడన్ రసాయనవేత్త షీలే గ్రాఫైట్‌ను సురేకారంతో కలిపి కాల్చి చూశాడు. వచ్చింది బొగ్గుపులుసు గాలి. అంటే అది బొగ్గుకు దాయాదే తప్ప సీసానికి ఏమీ కాదు. పదేళ్ళకు, 1789లో, వెర్నర్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త 'రాయడం' అనే అర్థమున్న గ్రీకు మాట తీసుకుని గ్రాఫైట్ అని పేరు పెట్టాడు. చక్కటి పేరు. కానీ పాత పేరు అంత తేలిగ్గా పోలేదు. సింహళంలో, అంటే నేటి శ్రీలంకలో, గనుల వ్యాపారమంతా ప్లంబాగో పేరుతోనే నడిచింది. బోగల, కహటగహ గనుల్లో రాతి పగుళ్ళ మధ్య దొరికే ఆ గ్రాఫైట్ చాలా స్వచ్ఛమైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో మూసల కోసం దానికి గిరాకీ పెరిగింది. స్వతంత్ర సింహళానికి మొదటి ప్రధాని అయిన సేనానాయకె తండ్రి సంపాదించింది ఈ వ్యాపారంలోనే.

ఇక్కడే నాకు భలే నచ్చిన సంగతి ఒకటుంది. మన పల్లెల్లో చిత్రమూలం అంటారే, తెల్ల పూల మొక్క, దాని శాస్త్రీయ నామం ప్లంబాగో జైలానికా. జైలానికా అంటే సింహళానిది. అంటే 'సింహళపు ప్లంబాగో' అని ఒక వ్యాపారిని అడిగితే రాయి ఇచ్చేవాడు, వృక్షశాస్త్రజ్ఞుణ్ణి అడిగితే మొక్క చూపించేవాడు!

ఆ చిత్రమూలం వేరును మనవాళ్ళు ఎలా చూశారో గమనించండి. ఆయుర్వేద నిఘంటువుల్లో చిత్రకం అనే ఈ మొక్కకు అగ్ని, వహ్ని అంటూ నిప్పు పేర్లన్నీ ఉన్నాయి. పచ్చి వేరు నూరి ఒంటికి రాస్తే బొబ్బలెక్కుతుంది. అందుకే వైద్యులు సున్నపు తేటలో శుద్ధి చేశాకే మందులో వాడతారు. లాటిన్ వాళ్ళకు రంగు కనిపించింది, మనవాళ్ళకు మంట తెలిసింది. నా ఓటు మంటకే. ఆ మంటకు కారణమైన పసుపు రంగు పదార్థాన్ని విడదీసి, దానికీ ప్లంబాజిన్ అనే పేరు పెట్టారు. అందులో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. ఇక్కడా సీసం లేదు.

నీలం పూల మొక్క మాత్రం దక్షిణాఫ్రికాది. కొమ్మ ఒకటి తెచ్చి పెన్సిల్ పక్కన ఈ బల్ల మీద పెట్టాను. వెళ్ళేటప్పుడు చూడండి. పువ్వు కిందున్న ఆకుపచ్చ తొడిమ గొట్టానికి జిగురు నూగు ఉంటుంది, చొక్కాకు ఇట్టే అతుక్కుంటుంది. కొమ్మ మాత్రం తుంచకండి, రసం కొందరికి పడదు, దురద పెడుతుంది.