రెండో బటన్

శ్రోతలకు నమస్కారం.

రోలర్ కోస్టర్ ఎక్కినవాళ్ళకు ఒక చప్పుడు గుర్తుండే ఉంటుంది. బండి పైకి ఎక్కుతున్నంతసేపూ కింద నుంచి టక టక టక టక అని వస్తుంది. చాలామందికి గుండె జారేది దిగేటప్పుడు కాదు, ఆ టకటకలకే. నిజానికి అది మనల్ని కాపాడే చప్పుడు. బండి అడుగున ఇనప నాలుక లాంటిది ఒకటి ఉంటుంది. పట్టాల మధ్య రంపప్పళ్ళలా ఉన్న వరస మీద ఒక్కో పన్నూ దాటుతూ టక్కున పడుతుంటుంది. పైకి లాగే గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా ఆ పన్నే పట్టేస్తుంది. ఈమధ్య కొత్త రైడ్లలో చప్పుడు రాకుండా చేస్తున్నారు. నాకైతే నచ్చలేదు.

ఆ నాలుకలు అరిగాయా లేదా అని రోజూ పొద్దున్నే చూసే మనిషిని నేను. మాది విశాఖపట్నంలో గాజువాక. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. అందులో ఆరు నెలల ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది కదా, మా క్లాసులో అందరూ స్టీల్‌ప్లాంటుకీ షిప్‌యార్డుకీ అప్లికేషన్లు పెట్టుకుంటే నేను రాష్ట్రం బయట ఒక థీమ్ పార్కు కంపెనీకి పెట్టాను. మా నాన్న స్టీల్‌ప్లాంటు మనిషి. ఆయన ఏమీ అనలేదు. అమ్మే, "చదివింది మెకానికల్, చేరింది రంగులరాట్నం దగ్గరానా?" అంది. మా పెద్దమ్మయితే ఇప్పటికీ "తీర్థంలో ఉద్యోగం" అనే చెబుతుంది అందరికీ.

పెద్దమ్మ మాటలో తప్పేం లేదు. తీర్థంలో, అంటే జాతరలో, జీళ్ళు, బొమ్మలు, రంగులరాట్నం ఒకచోట ఉన్నట్టే ఇక్కడా ఉంటాయి. కాకపోతే ఈ తీర్థం ఏడాది పొడుగునా జరుగుతుంది. మన దేశంలో ఈ వ్యాపారం మరీ పాతది కాదు. ఢిల్లీలో అప్పూ ఘర్ 1984లో తెరిచారు, ముంబైలో ఎస్సెల్ వరల్డ్ 1989లో. హైదరాబాద్‌కు వండర్‌లా 2016లో వచ్చింది. అమెరికాలో డిస్నీలాండ్ మొదలైంది 1955 జులై 17న. ఆ మొదటి రోజు కొత్తగా పోసిన తారు ఎండకి మెత్తబడి ఆడవాళ్ళ చెప్పుల మడమలు దిగబడ్డాయని చెబుతారు. మన మే నెలలో బీచ్ రోడ్డు మీద నడిచినవాళ్ళు ఆ మాట నమ్మడానికి పెద్దగా ఆలోచించరు.

పనివాళ్ళని నాటకం వాళ్ళలా చూడడం కూడా డిస్నీ వాళ్ళ దగ్గరే మొదలైంది. అక్కడ ఉద్యోగిని ఉద్యోగి అనరు, కాస్ట్ మెంబర్ అంటారు, అంటే పాత్రధారి. జనం తిరిగే చోటు స్టేజీ, మిగతాదంతా తెర వెనక. దారి చూపించాలంటే ఒక్క వేలు చాపకూడదు, రెండు వేళ్ళో అరచెయ్యో చూపాలి. 1971లో ఫ్లోరిడాలో తెరిచిన పార్కుకైతే అడుగున సొరంగాల్లాంటి దారులే కట్టారు. ఒక కథలోని వేషం ఇంకో కథలోంచి నడిచిపోతూ జనానికి కనపడకూడదని. మనకిది కొత్తేమీ కాదు. పద్యనాటకంలో కృష్ణుడు కిరీటం తీసి తెర వెనక బీడీ కాల్చుకోవడం మా తాత చూశాడట. స్టేజీ మీదకొచ్చి కాల్చలేదు, అంతే.

ఇక నా సంగతి. మెయింటెనెన్స్ ట్రైనీ అని పిలిచి, మొదటి మూడు వారాలు నన్ను గేటు దగ్గర టికెట్లు చింపడానికి నిలబెట్టారు. స్టైపెండ్ కూడా చెప్పిన తేదీకి ఒక్కసారీ రాలేదు. ఇంటర్న్‌షిప్‌కి వెళ్ళే పిల్లలూ, ఏ డిపార్ట్‌మెంటులో ఎన్ని వారాలో ముందే కాగితం మీద రాయించుకోండి. హాస్టల్ ఎవరిస్తారో అడగండి. మొహమాటపడితే నాలా మూడు వారాలు పోతాయి. అయితే ఆ గేటు దగ్గరే ఒకటి నేర్చుకున్నాను. ఎనిమిది తొమ్మిది గంటలు నిలబడ్డ కాళ్ళ నొప్పి ముఖంలోకి రానివ్వకుండా ఉండడం.

నాలుగో వారం ట్రాక్ మీదకి పంపారు. పొద్దున్న ఆరింటికి, టార్చిలైటు, గుడ్డపీలిక పట్టుకుని. నట్టు బిగించిన రోజున దాని మీంచి కింది ప్లేటు మీదకి ఎర్ర పెయింటుతో ఒక గీత గీస్తారు. గీత తిన్నగా ఉంటే నట్టు కదల్లేదని. నట్టు మీది ముక్క ఒక పక్కకీ ప్లేటు మీది ముక్క ఇంకో పక్కకీ జరిగితే వదులైందని. పాపిటి చెదిరిందా లేదా అని చూసినట్టే. అలా వందల పాపిళ్ళు, రోజూ. తుప్పు విషయంలో మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. సముద్రం గాలికి కిటికీ ఊచలు ఏమవుతాయో చూస్తూ పెరిగిన ఊరు మనది. పైన ఎర్రగా పొడి రాలితే కంగారు లేదు. రంగు కింద బుడగలా ఉబ్బిందంటే మాత్రం గోకి చూడాల్సిందే. అది మా నాన్న చెప్పిందే.

తర్వాత ఖాళీ బండిని తిప్పుతాం. అన్నీ సరిపోయాక లాగ్‌బుక్కులో సంతకం. ట్రైనీలకి సంతకం ఉండదు, చూడడమే.

జనం వచ్చాక పని మారిపోతుంది. అప్పుడు మా పని చాలావరకు 'కాదు' అనడమే. మా రైడు ఎక్కాలంటే మనిషి ఎత్తు కనీసం 120 సెంటీమీటర్లు ఉండాలి. స్కేలు దగ్గర పిల్లలు చేసే విద్యలు ఇన్నీ అన్నీ కావు. మునివేళ్ళ మీద లేస్తారు, జుట్టు పైకి దువ్వుకొస్తారు, చెప్పుల్లో కాగితాలు కుక్కుకొస్తారు. ఒక దసరా సెలవుల్లో శ్రీకాకుళం వైపు కుటుంబం ఒకటి వచ్చింది. గుంటడు రెండు సెంటీమీటర్లు తక్కువ. వాళ్ళ నాన్న గొంతు లేచింది. "ఏటమ్మా, రెండు గంటలు లైన్లో నిలబెట్టి ఇప్పుడు కాదంటావేటి?" ఆ 'ఏటమ్మా' వినగానే నా నోట్లోంచి మన యాస వచ్చేసింది. అది ఇంకా ముప్పయింది. "మనవైపు పిల్లవే కదా, వదిలీయమ్మా" అన్నాడాయన.

లైను మొదట్లో కొలత చూసేందుకు నమూనా సీటు ఒకటి ఉంటుంది. "అన్నయ్యా, ఒక్కసారి ఇందులో కూర్చోండి" అన్నాను. పక్కనే కొడుకుని కూర్చోబెట్టాను. ఇద్దరికీ కలిపి ఒకటే రాడ్డు. కిందకి దించాను. రాడ్డు ఎక్కడ ఆగింది? నాన్న బొజ్జ దగ్గర. పిల్లాడి ఒడికీ రాడ్డుకీ మధ్య జానెడు ఖాళీ. "లేచి నిలబడు నాన్నా" అన్నాను వాడితో. వాడు రాడ్డు కిందినుంచి సునాయాసంగా జారి లేచి నిలబడ్డాడు. ఆయన కొడుకుని చూశాడు, తన బొజ్జని చూసుకున్నాడు. "ఒరే, దిగరా" అన్నాడు మెల్లిగా.

ఇంకొకటి నా తప్పు. బండి వదలాలంటే మా స్టేషన్లో రెండు బటన్లు నొక్కాలి. ఒకటి ప్యానెల్ దగ్గర, రెండోది ప్లాట్‌ఫారం అవతలి చివర. ఇద్దరు మనుషులు ఒకేసారి నొక్కితేనే బండి కదులుతుంది. బండికి 24 సీట్లు. రెండు నిమిషాలకొకటి వదిలితే గంటకి 720 మంది. ఒక్కో బండికీ అరనిమిషం ఆలస్యమైతే 576. ఆ తేడా 144 మంది కళ్ళూ ఆదివారం నాడు మీ వీపు మీదే ఉంటాయి. రాడ్డు ప్రతిదీ చేత్తో పైకి లాగి చూడాలి. ఆ వేళ నేను చివరి వరస కంటితో చూసి వచ్చేశాను. బటన్ మీద చెయ్యి పెట్టాను. బండి కదల్లేదు.

అవతల మా సీనియర్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. బటన్ వైపే రాలేదు. గడ్డంతో చివరి వరస చూపించారు. వెళ్ళి చూస్తే రాడ్డు బాగానే పడింది. కాకపోతే ఒకమ్మాయి చున్నీ కొస సీటు పక్కనుంచి చక్రాల వైపు వేలాడుతోంది. తీసి ఆమె చేతికిచ్చి, రాడ్డు లాగి చూసి, వెనక్కి నడిచి వచ్చాను. ఇరవై అడుగులే, చాలాసేపు నడిచినట్టుంది. లైనులో ఎవరో ఈల కూడా వేశారు. సీనియర్ ఆ రోజు గాని, ఆ తర్వాత గాని ఆ ఊసు ఎత్తలేదు. నాలుగు తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేదాన్నేమో.

ట్రైనింగ్ అయ్యాక అక్కడే ఉద్యోగం ఇచ్చారు. మెకానికల్, ఎలక్ట్రికల్ వాళ్ళకే కాదు, ఐటీఐ ఫిట్టర్లకీ, హోటల్ మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళకీ, బాగా ఈత వచ్చినవాళ్ళకీ పని ఉంటుంది. వాటర్ పార్కులో కెమిస్ట్రీ చదివినవాళ్ళు నీళ్ళలో క్లోరిన్ సరిగా ఉందా లేదా అని రోజుకి చాలాసార్లు చూస్తూనే ఉండాలి. ఒక్క సంగతి ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పండి: అందరికీ సెలవున్న రోజు మీకు ఉండదు. నాలుగేళ్ళుగా మా ఇంట్లో సంక్రాంతి అరిసెలు నాకు కొరియర్‌లోనే వస్తున్నాయి.

ఈసారి సెలవుకొచ్చినప్పుడు అమ్మ ఎగ్జిబిషన్‌కి పోదామంది. మురీ మిక్చర్ పొట్లాలు పట్టుకుని ఇద్దరం జెయింట్ వీల్ ఎక్కాం. ఆపరేటర్ కుర్రాడు మా ముందు రాడ్డు వేసి పిన్ను దూర్చాడు. పక్క తొట్టి దగ్గరికి వెళ్ళిపోయాడు. నేను పొట్లం అమ్మ ఒడిలో పెట్టి, వంగి, ఆ పిన్ను గట్టిగా రెండుసార్లు లాగి చూశాను.

"సెలవులో కూడానా?" అంది అమ్మ. తన వైపు రాడ్డు తనూ ఒకసారి లాగి చూసుకుంది.