వైఫై ఎక్కడ ఆగింది?

శ్రోతలకు నమస్కారం.

ఇంట్లో కంప్యూటర్‌కీ రౌటర్‌కీ మధ్య నడిచే వైఫై కూడా రేడియోయే. మీరు వింటున్న ఈ రేడియోలో గరగర వస్తే స్టేషన్ ఆగిందా, సెట్టు పాడైందా, మధ్యలో ఏదైనా అడ్డుపడుతోందా అని ఆలోచిస్తాం కదా. వైఫై ఆగినప్పుడు కూడా సరిగ్గా అలాగే ఆలోచించాలి. కానీ టెన్షన్‌లో ఆ పని చేయం. కనిపించిన సెట్టింగల్లా మార్చేస్తాం. అప్పుడు ఉన్న చిక్కుకి కొత్త చిక్కు తోడవుతుంది.

మొదట ఒక ఫోన్ తీసుకోండి. మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫైకి కలపండి. డేటా ఆపడం మరిచిపోతే ఫోన్ దాని మీదే నడుస్తుంది, మనం వైఫై బాగుందనుకుంటాం.

ఫోన్‌లోనూ నెట్ రాకపోతే కంప్యూటర్ జోలికి వెళ్లకండి. రౌటర్ ప్లగ్ తీసి, అర నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. లైట్లు నిలకడగా వెలిగేదాకా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. ఫైబర్ కనెక్షన్ అయితే ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్న లైటు చూడండి. అది ఎర్రగా వెలుగుతుంటే బయటి నుంచి రావాల్సిన సిగ్నల్ మీ ఇంటికి చేరడం లేదు. రౌటర్ వెనక సన్నటి రంధ్రంలో ఉండే రీసెట్ బటన్ మాత్రం నొక్కకండి. దాన్ని నొక్కి పట్టుకుంటే పాస్‌వర్డ్‌తో సహా మీరు పెట్టుకున్న సెట్టింగులన్నీ చెరిగిపోతాయి.

ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాకపోతే, ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూడండి. తర్వాత ఆ వైఫై పేరు మీద ఫర్గెట్ నొక్కి, పాస్‌వర్డ్ మళ్లీ కొట్టండి. అయినా రాకపోతే, విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్, అంటే ఆదేశాలు టైప్ చేసే విండో తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని టైప్ చేసి ఎంటర్ నొక్కండి. వైఫై దగ్గర ఐపీవీ4 అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటర్‌ని గుర్తించే నంబరు, 169.254తో మొదలైతే, రౌటర్ నుంచి కంప్యూటర్‌కి అడ్రస్ అందలేదు, అందక తనే ఒకటి పెట్టుకుంది. రెండింటినీ ఒకసారి రీస్టార్ట్ చేస్తే చాలాసార్లు సర్దుకుంటుంది. అడ్రస్ సరిగ్గానే ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే కంప్యూటర్‌లో తేదీ, టైమ్ చూడండి. తేదీ తప్పుంటే బ్రౌజర్ సురక్షిత సైట్లను కూడా నమ్మదు.

ఇక అన్నిటికన్నా ఎక్కువ విసిగించేది, వస్తూ పోతూ ఉండే నెట్. నా అనుభవం ఒకటి చెబుతాను. రాత్రిళ్లు ఫోటోలు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకునేవాణ్ణి. సరిగ్గా అప్పుడే వైఫై నీరసించిపోయేది. మూడు రోజులు రౌటర్‌నే అనుమానించాను. చివరికి హార్డ్ డిస్క్ కేబుల్ పీకగానే పేజీలు చకచకా తెరుచుకున్నాయి. నా డిస్క్ లాంటి యూఎస్‌బీ 3.0 పరికరాలు పనిచేసేటప్పుడు వెలువడే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కూడా ఉంటుంది. వైఫై మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్ల మీద, అంటే రేడియో తరంగాల రెండు శ్రేణుల మీద నడుస్తుంది. అప్పట్లో నా వైఫై నడిచేదీ ఆ 2.4 మీదే. డిస్క్‌ను కాస్త పొడవైన, మంచి కేబుల్‌తో దూరంగా పెట్టి, కంప్యూటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చాక ఆ బాధ తీరింది.

మైక్రోవేవ్ ఓవెన్ కూడా 2.45 దగ్గరే పనిచేస్తుంది, బ్లూటూత్‌దీ ఆ ప్రాంతమే. పక్కిళ్ల రౌటర్లన్నీ ఒకే చానల్ మీద ఉన్నా ఇరుకే. 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు 1, 6, 11. రౌటర్ సెట్టింగుల్లో వాటిలో ఖాళీగా ఉన్నది ఎంచుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో ఈ రద్దీ తక్కువ, వేగం ఎక్కువ, కానీ గోడలు దాటేసరికి బలం తగ్గిపోతుంది. రౌటర్‌ను ఇనుప బీరువా వెనకో, నేల మీదో, ఓ మూలనో పెడితే ఏ బ్యాండ్ అయినా నీరసించాల్సిందే. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తులో పెట్టి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక కూడా కనెక్షన్ ఇచ్చినవాళ్లకు ఫోన్ చేయాల్సి రావచ్చు. అప్పుడు "నెట్ రావట్లేదు" అని మాత్రమే అనకండి. "ఫోన్‌లోనూ రావట్లేదు, రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేశాం, ఎల్‌ఓఎస్ లైటు ఎర్రగా ఉంది" అని చెప్పండి. అవతలివారు మొదట అడిగే ప్రశ్నలకు జవాబు అందులోనే ఉంటుంది.

సెలవు, నమస్కారం.