చార్టు వద్దు, పనికొచ్చే కాగితం ఇద్దాం

నమస్కారం. ఈరోజు టీచర్లతో మాట్లాడాలనుకుంటున్నాను. పిల్లలు, తల్లిదండ్రులు కూడా వినండి.

నిరాశ్రయుల మీద ప్రాజెక్ట్ అనగానే స్కూల్లో ఏం చేయిస్తాం? ఒక చార్టు, నాలుగు ఫొటోలు, కింద రంగు పెన్నుతో ఒక నినాదం. కొన్నాళ్లు గోడ మీద ఉంటుంది, తర్వాత బీరువా పైకి చేరుతుంది. పిల్లలకు మార్కులు వచ్చాయి, సరే. రోడ్డు పక్కన పడుకునే మనిషికి ఏం ఒరిగింది?

అదే సిలబస్‌తో వేరే పని ఇవ్వొచ్చు. సోషల్‌లో మ్యాప్ గీయడం ఎలాగూ నేర్పిస్తాం కదా, ఆ మ్యాప్ ఇల్లు లేనివాళ్ల కోసం గీయించండి. తాగునీళ్లు ఎక్కడ దొరుకుతాయి, డబ్బులు కట్టక్కర్లేని టాయిలెట్ ఏది, షెల్టర్‌లో రాత్రి ఎన్నింటిదాకా రానిస్తారు, ఉచితంగా వైద్యం చేసేది ఎక్కడ. మడిచి జేబులో పెట్టుకునే ఒక్క కాగితం చాలు. చదవడం రానివాళ్ల కోసం బొమ్మలు వేయించండి. ప్రతి వివరాన్నీ పిల్లలు అడిగి తెలుసుకుని, మళ్లీ సరిచూసుకోవాలి. ఒక్క టైము తప్పు రాసినా, ఆ కాగితాన్ని నమ్ముకున్న మనిషి మూసేసిన తలుపు ముందు నిలబడాల్సి వస్తుంది. ఇంత జాగ్రత్త ఏ పరీక్షా నేర్పదు.

సైన్స్‌లో చర్మం పాఠం వచ్చినప్పుడు పాదాల గురించి చెప్పండి. ఇల్లు లేనివాళ్లు రోజంతా నడుస్తూనే ఉంటారు. తడిసిన సాక్సులు ఆరబెట్టుకునే చోటుండదు. బూట్లు విప్పి పడుకుంటే ఎవరైనా ఎత్తుకుపోతారని భయం. అందుకే ఫంగస్, పుండ్లు. ఇది అర్థమైన పిల్లలకు శుభ్రమైన సాక్సుల జత విలువేంటో విడిగా చెప్పక్కర్లేదు.

1948 నాటి ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో 25వ అధికరణం ఉంది. తిండి, బట్ట, వైద్యంతో పాటు నివాసాన్నీ అందులో చేర్చారు. క్లాసులో ముందు ఇది చదివించండి. అప్పుడు పిల్లలు జాలిపడి ఊరుకోరు, ఈ హక్కు వీళ్లకు ఎందుకు దక్కలేదని అడుగుతారు.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే మాట. ఇల్లు లేకపోవడం అంటే ఫుట్‌పాత్ మీద పడుకోవడం ఒక్కటే కాదు. అద్దె కట్టలేక బంధువుల ఇంట్లో సర్దుకుంటున్నవాళ్లు, షెల్టర్ నుంచే స్కూలుకు వచ్చే పిల్లలు కూడా ఉంటారు. అలాంటి పిల్లో పిల్లాడో మీ క్లాసులోనే కూర్చుని ఉండొచ్చు, ఎవరికీ చెప్పుకోకుండా. అందుకే 'ఇంటి నుంచి దుప్పటి తెస్తే ఐదు మార్కులు' అని దయచేసి అనకండి. ఎవరేం తెచ్చారన్నదానికి మార్కులు వద్దు. ఎంత శ్రద్ధగా కనుక్కున్నారు, ఎంత స్పష్టంగా రాశారు, అది చూడండి. 'వాళ్లు బద్ధకస్తులు' లాంటి మాట క్లాసులో ఎవరైనా అంటే అక్కడే ఆపి మాట్లాడండి.

పిల్లల్ని ఒంటరిగా పంపకండి. పడుకున్నవాళ్లకు ఫొటోలు తీయనివ్వకండి, రిపోర్టులో పేర్లు రాయనివ్వకండి.

అక్టోబర్ 10న ప్రపంచ నిరాశ్రయుల దినం, 2010 నుంచి జరుగుతోంది. ఆ ఒక్కరోజు హడావిడితో సరిపెట్టకుండా, ఏడాదిలో మీకు వీలైన ఏ పాఠంతోనైనా మొదలుపెట్టండి. అసైన్‌మెంట్ బోర్డు మీద రాసేముందు మాత్రం, దగ్గర్లోని షెల్టర్‌కు ఒక్క ఫోన్ చేసి అడగండి: 'ఇప్పుడు మీకు ఏది తక్కువగా ఉంది? మా పిల్లలు ఏం చేస్తే మీకు పనికొస్తుంది?' వాళ్లు చెప్పిందే హోంవర్క్‌గా ఇవ్వండి.