ఎర్ర కారు, ఎర్ర తుప్పు: తప్పు అమ్మినోడిదా, కొన్నోడిదా?

యాంకర్: నమస్కారమండి, చర్చకి స్వాగతం. వారం నుంచి గోదావరి జిల్లాల్లో ఎవరి ఫోన్‌లో చూసినా ఒకటే వీడియో. భీమవరం దగ్గర ఒకాయన 18 లక్షలు పోసి సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొన్నారు, ఎర్రది, రెండు సీట్లది, టాపు తెరుచుకునేది. నెల తిరక్కుండా మేస్త్రి తలుపు కింద స్క్రూడ్రైవర్ పెట్టి పొడిస్తే పిడి దాకా దిగిపోయింది. ఆ కారు కొన్న రైతు గారు, ఆ స్క్రూడ్రైవర్ పట్టుకున్న టింకరింగ్ మేస్త్రి గారు, కాకినాడలో పాత కార్లు అమ్మే డీలర్ గారు, మెటలర్జీ పాఠాలు చెప్పి రిటైరైన మేష్టారు మనతో ఉన్నారు. ఈ కారు అమ్మింది ఈ డీలర్ గారు కాదు, ముందే చెప్పేస్తున్నా. అందరికీ సమానంగా టైమిస్తాం. రైతు గారూ, అసలెందుకు కొన్నట్టు? సంక్రాంతికి బరి దగ్గర పెట్టుకోడానికేనా?

రైతు: ఆయ్, అదేం కాదండి. చిన్నప్పట్నుంచీ సరదా. వనామీ రొయ్యలు రెండు పంటలు కలిసొచ్చాయి, కొనుక్కున్నాను. రంగు చూస్తే అద్దంలా ఉందండి, నా మొహం కనబడింది అందులో. ఇంజన్ విన్నాను, టైర్లు చూశాను, కిందకి మాత్రం వంగలేదు...

డీలర్: అదీ! అదేనండి నేను చెప్పేది! వంగలేదు! 18 లక్షలు పెట్టేవాడు వంగొద్దా? వంకాయలు కొనేటప్పుడు కూడా తిప్పి చూస్తామే...

మేస్త్రి: వంగినా కనపడదండి. ఆ కార్లకి కింద మొత్తం ప్లాస్టిక్ ట్రేలుంటాయి, అవి విప్పి...

డీలర్: ఒక్క నిమిషం మేస్త్రి గారూ, నన్ను పూర్తి చెయ్యనివ్వండి. ఇది సముద్రం పక్క ఊరు, ఉప్పాడ బీచ్ రోడ్డులో అల వచ్చి కారు అద్దం మీద పడుద్ది, గాల్లో ఉప్పు, చెరువు గట్టు మీద ఉప్పు, ఇక్కడ ఇనుము తుప్పు పట్టక బంగారం అవుద్దా? పాత కారంటే పాత కారే. ఎలా ఉందో అలాగే తీసుకుంటున్నానని సంతకం పెట్టాక మళ్ళీ వీడియోలేంటి?

యాంకర్: పాయింటే. కానీ మేస్త్రి గారూ, మన రోడ్లకి అసలీ కారు అవసరమా? షో కోసమే కదా?

మేస్త్రి: షో సంగతి నాకెందుకండి. రోడ్డు సంగతి మాత్రం ఉంది. ఇవి నేలకి జానెడు ఎత్తు కూడా ఉండవు, ఊరికి నాలుగు స్పీడ్ బ్రేకర్లు, ప్రతి దాని మీదా పొట్ట రాసుకుంటది. కింద వేసిన పూత గీసుకుపోయి ఇనుము బయటపడుద్ది. చెరువు గట్టు మట్టి వెళ్ళి అక్కడ అంటుకుంటే, అందులో ఉప్పుంటది, చెమ్మ ఆరదు. పైన పాలిష్ కొడతారు, కింద ఎవడు కడుగుతాడండి?

మేష్టారు: చెమ్మా గాలీ చాలు తుప్పుకి, ఉప్పు తోడైతే దాని వేగం ఇంకా...

డీలర్: మేష్టారూ, పాఠం వద్దండి! పోర్షే 911కి 1976 మోడల్ నుంచే బాడీకి జింక్ పూత ఉంది, తెలుసా? జర్మన్ కారు తుప్పు పట్టదు, నేను పాతికేళ్ళుగా చూస్తన్నా.

మేష్టారు: జింక్ పూత నిజమేనండి. ఓడ అడుగున జింక్ దిమ్మలు బిగిస్తారు చూడండి, ఇనుము బదులు అవి కరిగిపోతాయి, ఇదీ అదే సూత్రం. అంటే అది అరిగిపోయే సరుకే కదా? యాక్సిడెంటై వెల్డింగ్ పెడితే అక్కడ జింక్ కాలిపోతుంది. ఆ తర్వాత జర్మన్ అయినా జగ్గంపేట అయినా...

(నవ్వులు)

యాంకర్: బావుంది! మేస్త్రి గారూ, ఆ స్క్రూడ్రైవర్ సంగతి చెప్పండి.

మేస్త్రి: తలుపు తీస్తే కింద గడపలాగా ఉంటది చూడండి, దాన్ని సిల్ అంటాం. లోపల డొల్ల, డబ్బా. నీళ్ళు పోడానికి అడుగున చిన్న చిన్న బెజ్జాలుంటాయి. మట్టో, పైన పూసిన తారు లాంటి కోటింగో వాటిని మూసేస్తే నీళ్ళు లోపలే నిలబడి లోపల్నుంచి తినుకుంటూ వస్తాయి. రంగు మీద బియ్యం గింజంత బుడగ కనపడిందంటే లోపల అప్పటికే పోయినట్టు. ఈయన కారుకి బుడగ కూడా లేదు, ఎందుకంటే లప్పం పెట్టేశారు. వేలితో కొడితే టంగుమనాల్సింది, డబ్ డబ్ అంది. అప్పుడు పొడిచాను. టాపు లేని కారుకి బలమంతా ఆ సిల్‌లోనే ఉంటదండి. అది పోతే జాకీ ఎత్తగానే కారు వంగుద్ది, తలుపు సరిగా పడదు. ఈ కారు ఎత్తి చూశాను, తలుపు వేస్తే లాక్ దగ్గర పట్టేసింది. మామూలు కారుకి అలా...

రైతు: నేను కళ్ళారా చూశానండి, తలుపు మూసుకోలేదు.

డీలర్: జాకీ తప్పు చోట పెట్టుంటారు!

మేస్త్రి: ముప్పై ఏళ్ళు జాకీ పెట్టినోడ్ని...

డీలర్: సరే నేనే చెప్తా, కొనేవాళ్ళు వినండి. అయస్కాంతం తీసుకెళ్ళండి. గుడ్డలో చుట్టి బాడీ మీద పెట్టండి. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే లప్పం. ఐపాయె. దీనికి ఇంత చర్చెందుకు?

మేస్త్రి: అలా చేసే పోయిన ఏడు ఒక కుర్రాడు ఆడి కంపెనీ టీటీ కారు వదిలేసుకున్నాడు! బానెట్‌కి అంటుకోలేదు, మొత్తం లప్పమే అన్నాడు. 2006లో వచ్చిన రెండో రకం టీటీకి ముందు భాగం అల్యూమినియం అండి, దానికెలా అంటుకుంటది? తలుపులకి చూసుండాల్సింది, అవి స్టీలు.

మేష్టారు: అల్యూమినియం కూడా చెడుతుంది, ఎర్రగా కాదు, తెల్ల పొడిలా. స్టీలు బోల్టు తగిలే చోట, ఉప్పు నీళ్ళు తోడైతే...

యాంకర్: ఎరుపు, తెలుపు, పార్టీ జెండాల్లా ఉందండి! (నవ్వులు) ఇంతకీ రైతు గారూ, ఈ కారుది యానాం నంబరంట కదా, పీవై-04?

రైతు: అవునండి, ముందు నుంచీ అదే.

డీలర్: యానాం గురించి మాట్లాడొద్దండి, అది టాక్స్ సబ్జెక్ట్, వేరే ఎపిసోడ్ పెట్టండి, నేనొస్తా.

మేస్త్రి: వరద బండ్ల సంగతి ఒక్క ముక్క చెప్పనివ్వండి. 2015లో చెన్నై, 2024లో విజయవాడ బుడమేరు, 2022 జూలైలో మన లంకలే మునిగాయి కదా. మునిగిన బండి నంబరు చూస్తే తెలీదు. సీటు బెల్టు చివరి దాకా లాగండి, మడతలో బురద గీత ఉంటది. సీటు పట్టాలు, డ్యాష్ కింద స్క్రూలు తుప్పు పట్టాయంటే నీళ్ళు అంతెత్తు నిలబడ్డట్టే. కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టండి, ముక్కు పెట్టండి. టాపు తెరిచే కార్లకి నీళ్ళు పోయే గొట్టాలుంటాయి, ఆకులు అడ్డం పడితే వానంతా ఫ్లోరు మీదకే, కొన్నిట్లో సీటు కిందే కంప్యూటర్...

డీలర్: ఇన్ని చూస్తే మా షాపులో ఒక్క కారూ అమ్ముడుపోదు!

యాంకర్: (నవ్వుతూ) నిజాయితీగా చెప్పారు! రంగు మందం కొలిచే మీటరు ఉంటుందంటారు?

మేస్త్రి: ఉందండి. కంపెనీ పెయింట్ ఇంచుమించు 100, 150 మైక్రాన్లు చూపిస్తది. 300 దాటితే మళ్ళీ రంగేసినట్టు, వెయ్యి దాటితే కింద లప్పమే అనుకోండి. ఈయన కారుకి సిల్ పైన పెడితే...

డీలర్: మీటర్లు అందరి దగ్గరా ఉంటాయా? మా నాన్న పద్మిని కారుకి ఫ్లోరు బెజ్జంలోంచి రోడ్డు కనపడేది, కాళ్ళు పైకెత్తుకుని కూర్చునేవాళ్ళం, పదేళ్ళు తిరిగాం, ఎవర్నైనా కేసు పెట్టామా? పెట్టామా? చెప్పండి! కొన్నోడిదే బాధ్యత. నేను పొద్దున్నుంచీ అదే చెప్తున్నా, కొన్నోడిదే.

రైతు: ఇన్సూరెన్స్ వాళ్ళూ డబ్బులు ఇవ్వం అనేశారండి, తుప్పు అరుగుదల కిందే లెక్కంట...

డీలర్: చూశారా!

యాంకర్: టైం అయిపోయిందండి. అంటే డీలర్ గారన్నట్టు, కొనే ముందు మనమే వంగి చూసుకోవాలి, సంక్రాంతి హడావిడిలో కొనకూడదు...

మేష్టారు: ఆయనన్నది అది కాదండి, మేస్త్రి అన్నది...

రైతు: మరి నా 18 లక్షలు? కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళొచ్చా?

యాంకర్: అది ఇంకో రోజు లాయర్‌ని పిలిచి అడుగుదాం.

డీలర్: కమిషన్‌కి ఎందుకు సార్, నాకు తోలుకొచ్చెయ్యండి, 4 లక్షలకి నేను తీసుకుంటా.

మేస్త్రి: తీసుకుని?

డీలర్: తీసుకుని ఏంటి, వ్యాపారం! మేస్త్రి గారూ, మీ షెడ్డులోనే చేయిద్దాం, లప్పం...

(మైకులు ఆగిపోయాయి)