అరవై లెంగ్త్‌లు, తప్పని లెక్క

అందరికీ నమస్కారం. మొదటిసారి 1500 మీటర్లు ఆగకుండా ఈదాలని పట్టుదలతో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. చెయ్యి ఎలా వెయ్యాలో, ఊపిరి ఎప్పుడు తీసుకోవాలో మీ కోచ్‌లు చెబుతారు. నేను లెక్క గురించి మాట్లాడతాను.

ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకసారి ఈదితే ఒక లెంగ్త్. మన 25 మీటర్ల పూల్‌లో 1500 అంటే 60 లెంగ్త్‌లు. గచ్చిబౌలి 50 మీటర్ల పూల్‌లో అయితే 30. కింద ఎప్పుడూ అదే నల్ల గీత, అవే టైల్స్. ఒక లెంగ్త్‌ని ఇంకోదాని నుంచి వేరుగా గుర్తుపెట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు. అందుకే ఇరవై దాటేసరికి టెన్షన్ మొదలవుతుంది: ఇది 23వదా, 25వదా? మీ జ్ఞాపకశక్తిలో లోపమేమీ లేదు.

ఒకటి గమనించండి. అనుమానం 23కీ 24కీ మధ్య రాదు. మొదలుపెట్టిన గోడ నుంచి వెళ్లేవన్నీ బేసి, తిరిగొచ్చేవన్నీ సరి. కాబట్టి లెక్క తప్పితే సాధారణంగా రెండు తప్పుతుంది. పెద్ద పోటీల్లో 800, 1500 మీటర్ల రేసులప్పుడు అవతలి గోడ దగ్గర ఇంకా ఎన్ని మిగిలాయో కార్డు చూపిస్తారు. దాని మీద బేసి సంఖ్యలే ఉంటాయి. 50 మీటర్ల పూల్‌లో 1500కి అయితే 29, 27, 25... చివరి రెండు లెంగ్త్‌ల ముందు గంటో విజిలో వినిపిస్తుంది. 2016 రియో ఒలింపిక్స్‌లో నీటి అడుగునే డిజిటల్ బోర్డులు పెట్టారు. ప్రపంచంలో మేటి ఈతగాళ్లకే ఇంత ఏర్పాటు కావాల్సి వస్తే, ఒంటరిగా ఈదే మనకు ఒక పద్ధతి ఉండొద్దా?

నా పద్ధతి ఇది. అరవై దాకా లెక్కపెట్టకండి. నాలుగు దాకా చాలు. నాలుగు లెంగ్త్‌లు ఒక వంద, అలాంటివి పదిహేను. గోడను తన్ని బయల్దేరే క్షణంలోనే ఇప్పుడు ఈదబోయే లెంగ్త్ అంకె మనసులో అనుకోండి. మొదటి మూడు నాలుగు ఊపిర్లకూ అదే అంకె మళ్లీ అనుకోండి. అయిపోయిన లెంగ్త్ అంకె ఒకసారి, ఈదుతున్నదాని అంకె ఒకసారి చెప్పుకునే అలవాటు మాత్రం వద్దు. ఎక్కువ పొరపాట్లు అక్కడే జరుగుతాయి. ఐదు వందలు పూర్తయిన ప్రతిసారీ ఏదో ఒకటి మార్చండి: మొదటి ఐదు వందల్లో ధ్యాస ఊపిరి మీద, తర్వాత చేతుల మీద, ఆఖర్న కాళ్ల మీద. ఎక్కడున్నారో ఒళ్లే చెబుతుంది.

అయినా అనుమానం వస్తే గోడ గడియారం చూడండి. వంద మీటర్లు రెండున్నర నిమిషాల్లో ఈదేవాళ్లకు రెండు లెంగ్త్‌ల తేడా అంటే 75 సెకన్లు. అంత తేడా గడియారంలో దాగదు. అప్పటికీ తేలకపోతే చిన్న అంకెనే తీసుకోండి. ఇంకో యాభై మీటర్లు ఎక్కువ ఈదితే నష్టం లేదు. ఈదని దూరాన్ని ఈదామనుకుంటే రేపటి ప్లాన్ అంతా తప్పుడు లెక్క మీద నిలబడుతుంది.

లెంగ్త్‌లు లెక్కపెట్టే స్మార్ట్ వాచీ గురించి చాలామంది అడుగుతున్నారు. మంచిదే, వాడండి. కానీ అది పూల్‌ని చూడదు. చేతి కదలికను, గోడ దగ్గర తిరగడాన్ని బట్టి లెక్కిస్తుంది. లేన్ మధ్యలో ఆగినా, గోడను మెల్లగా తన్నినా తడబడొచ్చు. కిక్‌బోర్డ్, అంటే నీళ్లలో తేలే పలక, పట్టుకుని కాళ్లతోనే ఈదితే చెయ్యి కదలదు కాబట్టి ఆ దూరం సాధారణంగా లెక్కలోకే రాదు. అన్నిటికన్నా ముందు, పూల్ పొడవు సరిగ్గా పెట్టాలి. అపార్ట్‌మెంట్ పూల్స్ చాలావరకు 25 మీటర్లు ఉండవు. టేపు పట్టుకుని మీరే కొలవండి. 18 మీటర్ల పూల్‌ని 25 అనుకుంటే, 60 లెంగ్త్‌లకు మీరు నిజంగా ఈదింది 1080 మీటర్లే.

ఇక పది కిలోమీటర్ల లాంటి దూరాలకు, అంటే 400 లెంగ్త్‌లకు, గట్టు మీద లెక్క రాసే మనిషి ఉండాల్సిందే. ఆ మనిషి గీతలు మాత్రమే గీస్తే చాలదు, ప్రతి వందకూ టైము రాయాలి. ఒక వందకు ఉన్నట్టుండి రెట్టింపు టైము కనిపిస్తే, మధ్యలో ఒక వంద రాయడం మర్చిపోయారన్నమాట. ఈదేవాళ్లు మధ్యలో ఆగారా అని అడిగి, అక్కడే సరిదిద్దుకోవచ్చు.

ఇప్పుడు జంటలుగా విడిపోండి. ఒకరు నీళ్లలోకి దిగండి, ఇంకొకరు ప్యాడూ పెన్నూ తీసుకోండి. ముందు నాలుగు వందలు ఈదుదాం. ఈదేవాళ్ల లెక్క, రాసేవాళ్ల లెక్క కలిశాయో లేదో చూసుకుని, తర్వాత స్థానాలు మార్చుకుందాం.